పురుషోత్తమ చౌదరిగారి భక్తిమార్గము

ధ్యానభాగము: 1 కొరింథీయులకు 9:19–23

ఆదివారమున మందిరములో కీర్తనల పుస్తకము తెరచునప్పుడు, కీర్తనతోకూడ అచ్చుపడిన రచయిత పేరును మనలో ఎందరు చదువుదురు? పురుషోత్తమ చౌదరి అను పేరు అందులో మాటిమాటికి కనబడును. ఆయన దూరదేశపువాడు కాడు, మన పొరుగువాడే.

ఆయన 1803లో గంజాము సీమయందు వంగదేశమునుండి వచ్చిన బ్రాహ్మణ వంశములో జన్మించెను. మంచి పండితుడు. పెద్దలు నేర్పిన పూజలయందును నియమములయందును మిక్కిలి నిష్ఠగలవాడు. ఆ నిష్ఠను మనము చులకనగా చూడరాదు. దేవుని వెదకని హృదయము అంత కష్టపడునా?

1805లో లండను మిషనువారు విశాఖపట్నములో సేవ ప్రారంభించిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుడు సువార్తలను తెలుగు చేయుటలో వారికి తోడ్పడెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చుపడెను. ఇట్లు నాటబడిన విత్తనము కొన్ని యేండ్లకు చౌదరిగారియొద్దకును చేరెను. ఒక చిన్న తెలుగు క్రైస్తవ పుస్తకము ఆయన మనస్సును కదిలించెను. శ్రీకాకుళములో హెలెన్ నాట్ దొరసానిగారు ఆయనకు సత్యమార్గమును ఇంకను తేటపరచిరి. 1833లో ఆయన బాప్తిస్మము పొందెను.

దాని వెల తక్కువైనది కాదు. కులము పోయెను, బంధువులు దూరమైరి. భార్యయు మొదట ఆయనను ఎడబాసి, తరువాత మరల ఆయనతో కలిసికొనెను. బాప్తిస్మము నిమిత్తము ఇంటివారికి దూరమైన వారు నేటికిని మన సంఘములలో ఉన్నారు గదా! అట్టివారు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. చౌదరిగారు తన వారిని ద్వేషింపలేదు, వారికి తెలిసిన భాషలోనే ప్రభువును ప్రకటించెను.

ఆయన విగ్రహారాధనను విడిచెను గాని పాటను విడువలేదు. మన దేశపు రాగములలో, తాళములలో, పల్లవి చరణములతో నూటికి పైగా కీర్తనలు రచించెను. అక్షరము రానివారు సహా వాటిని కంఠస్థము చేసికొనిరి. పొలములో నాట్లు వేయు తల్లికి, వల లాగు తండ్రికి ఆ పాటయే బైబిలు పాఠమాయెను. 1890లో ఆయన ప్రభువునందు నిద్రించెను. పాట మాత్రము నిద్రింపలేదు.

కొందరు పెద్దలు, పొరుగువారి భజనలో మ్రోగు మృదంగము, తాళములు మనకు తగవందురు. కొందరు యౌవనులు, పాత కీర్తనలు సాగదీతయందురు. ఇద్దరికిని నా మనవి ఒక్కటే: వాద్యము ఎవరిదని అడుగుటకు ముందు, మన హృదయము ఎవరిదని అడుగుదము. ఆ పండితుడు కులమును విడిచి మన ప్రక్కన కూర్చుండెను. మనము ప్రభురాత్రి భోజనపు బల్లయొద్ద ఇంకను కులమును వెంటబెట్టుకొని వచ్చినయెడల, ఆయన కీర్తనలు పాడుటకు మన నోటికి ఏమి అర్హత కలదు?

ప్రార్థన: ప్రభువా, మా పాటను మాత్రమే గాక, పాడు మమ్మునుకూడ శుద్ధిచేయుము. ఆమేన్.