మార్లవాయి మట్టిలో కలిసిన బెట్టి

పెళ్ళయ్యాక పుట్టింటి గడప దాటడం మన ఆడవాళ్ళకు కొత్త కాదు. భర్తకు ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి సామాను సర్దుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళడమూ కొత్త కాదు. కానీ పెళ్ళయిన ఏడాదికే సముద్రాలు దాటి వచ్చి, ఆదిలాబాద్ అడవుల్లో గడ్డి కప్పిన ఇంట్లో కాపురం పెట్టి, చివరికి ఆ అడవి పల్లె మట్టిలోనే కన్నుమూసి పడుకున్న ఒక లండన్ ఇల్లాలి సంగతి మీలో ఎంతమందికి తెలుసు?

ఆవిడ పేరు ఎలిజబెత్. అందరికీ బెట్టి. మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ భార్య. మా ఆదిలాబాద్ వైపు హైమన్‌డార్ఫ్ పేరు తెలియనివాళ్ళు తక్కువ. పోటీ పరీక్షల పుస్తకాల్లో కూడా ఆయన పేరు బట్టీ పడతారు. ఆయన పక్కన నిలబడ్డ బెట్టి గురించి మాత్రం ‘ఆయన సతీమణి’ అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఆ ఒక్క మాట వెనక ఉన్న దాదాపు 49 ఏళ్ళ కాపురం గురించే నేను చెప్పాలనుకుంటున్నాను.

నా పుట్టిల్లు కరీంనగర్, మెట్టినిల్లు ఆదిలాబాద్. పుట్టింటి వైపు తవ్వకాల కబుర్లు వింటూ పెరిగాను. కోటిలింగాల, ధూళికట్ట, పెద్దబంకూరు. ఈ ఊళ్ళలో పురావస్తు శాఖ వాళ్ళు గోతులు తవ్వి శాతవాహనుల నాణేలు, ఇటుక గోడలు, బౌద్ధ స్తూపం బయటపెట్టారు. తవ్వకంలో ఆఖరి రోజులకు ఒక పద్ధతి ఉంటుంది. గోతిని కొలుస్తారు, బొమ్మ గీస్తారు, ఫొటోలు తీస్తారు. దొరికిన వాటికి చీటీలు కట్టి పెట్టెల్లో సర్దుతారు. కొన్నిచోట్ల తవ్విన గోతిని మళ్ళీ మట్టితో పూడ్చేస్తారు. డేరాలు పీకి ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోతారు.

మరి బతికున్న మనుషుల జీవితాన్ని తవ్వి రాసుకునేవాళ్ళ సంగతేమిటి? వాళ్ళు పూడ్చి వెళ్ళడానికి గొయ్యి ఉండదు. తెలిసిన ముఖాలుంటాయి, తిన్న అన్నం ఉంటుంది. పని అయిపోయిందని లేచి వెళ్ళడం అంత తేలిక కాదు. బెట్టి కథ వింటే నాకు అదే అనిపిస్తుంది.

యుద్ధం తెచ్చిన చుట్టాలు

హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టారు. పెళ్ళికి ముందే ఒకసారి మన దేశం వచ్చి 1936-37లో నాగా కొండల్లో పనిచేసి వెళ్ళారు. 1938లో బెట్టితో పెళ్ళయింది. మరుసటి ఏడాది కొత్త దంపతులిద్దరూ కలిసి బయల్దేరి వచ్చారు. ఇంతలో 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది.

ఆస్ట్రియాను అప్పటికే జర్మనీ కలిపేసుకుంది. దాంతో హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అంటే బ్రిటిషు వాళ్ళ లెక్కలో శత్రు దేశస్థుడు! భార్యది ఇంగ్లండు, భర్త ఇంగ్లండుకు శత్రువు. అలాంటి ఇరకాటంలో పడ్డ కొత్త కాపురం ఎలా ఉంటుందో ఊహించుకోండి. చివరికి నిజాం సంస్థానం ఎల్లలు దాటకూడదన్న షరతుతో వాళ్ళను హైదరాబాదులో ఉండనిచ్చారు. ఇంకెవరైనా అయితే యుద్ధం అయిపోయేదాకా రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాళ్ళు. వీళ్ళు మాత్రం అడవి దారి పట్టారు.

మొదట నల్లమలలో చెంచుల దగ్గర. తర్వాత గోదావరి ఒడ్డున పాపికొండల్లో కొండరెడ్ల దగ్గర. ఆ తర్వాత మన ఆదిలాబాద్ గోండుల దగ్గర. ఎక్కడికి వెళ్ళినా బెట్టి వెంట ఉన్నారు.

గడ్డి ఇంటి కాపురం

వాళ్ళు ఆదిలాబాద్ వచ్చేనాటికి ఇక్కడి గాయం పచ్చిగా ఉంది. జల్, జంగల్, జమీన్ కోసం నిలబడ్డ కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో సర్కారుకు అర్థం కావాలి. హైమన్‌డార్ఫ్ ఊరూరా తిరిగి తేల్చిన కారణం ఒక్కటే. తాతల నాటి భూములు చేతులు మారిపోయాయి. అడవి మీద హక్కు పోయింది. కడుపు మాడినవాడు తిరగబడక ఏం చేస్తాడు?

ఆ పనికి వాళ్ళు ఎంచుకున్న ఊరు మార్లవాయి. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. ఊరి పెద్ద లచ్చు పటేల్ వాళ్ళను ఆదరించాడు. ఆ ఊళ్ళోనే మన వాళ్ళ ఇళ్ళలాంటి ఇల్లు కట్టుకుని ఉన్నారు.

పుస్తకాల్లో గోండుల దేవుళ్ళు, గోత్రాలు, ప్రధాన్‌లు పాడే పాత కథలు, దీపావళికి ఆడే గుస్సాడీ, అన్నీ వివరంగా ఉంటాయి. ఇల్లు నడిపే దానిగా నాకు మాత్రం వేరే ప్రశ్నలు వస్తాయి. వానాకాలంలో బండి దారి మూసుకుపోతే ఉప్పు, కిరసనాయిలు ఎన్నాళ్ళకు సరిపోయేలా తెచ్చిపెట్టుకునేవారు? చలిజ్వరం వస్తే ఎవరు చూసేవారు? యుద్ధం రోజుల్లో పుట్టింటి ఉత్తరం ఎన్ని నెలలకు అందేది? ఇలాంటి లెక్కలు శాస్త్ర గ్రంథాల్లో ఎవరూ రాయరు. రాసే మనిషి నిశ్చింతగా రాసుకోవాలంటే మాత్రం ఈ లెక్కలన్నీ ఎవరో ఒకరు చూడాల్సిందే.

ఇంకో మాట కూడా ఉంది. ఎంత గొప్ప పండితుడైనా పరాయి మగవాడు పొయ్యి దగ్గరికి వెళ్ళి కూర్చోలేడు. పురుడు, పుష్పవతి వేడుక, అత్తాకోడళ్ళ మాటలు, ఇవన్నీ ఆడవాళ్ళు ఆడవాళ్ళతోనే పంచుకుంటారు. భార్యాభర్తలిద్దరూ ఊళ్ళో ఉండటం వల్ల ఆ గుమ్మాలు తెరుచుకున్నాయి.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. పిల్లలకు ఇంట్లో మాట్లాడే భాషలోనే అక్షరాలు నేర్పాలన్న ఆలోచన ఎనభై ఏళ్ళ కిందట మన అడవిలో అమలైందంటే ఆశ్చర్యంగా లేదూ! ఆ తర్వాత గోండులకు భూమి పట్టాలు ఇచ్చే పని కూడా సాగింది. హైమన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యారు. ఏటా పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరలో గిరిజనుల మొర వినడానికి అధికారులు జరిపే దర్బారు కూడా 1940లలో ఆయన చలవతో మొదలైందే.

అట్ట మీద చిన్నగా

1944-45లో హైమన్‌డార్ఫ్‌ను ఈశాన్య సరిహద్దులోని సుబన్‌సిరి ప్రాంతానికి పంపారు. బెట్టి అక్కడికీ వెళ్ళారు. నేటి అరుణాచల్ ప్రదేశ్‌లో ఆపాతానీల లోయ అది. తర్వాత లండన్ విశ్వవిద్యాలయంలో ఆయనకు ఉద్యోగం. 1953 నుంచి నేపాల్‌లో షెర్పాల మధ్య పని. కొండలెక్కే ఆ దారుల్లోనూ ఆవిడ తోడు.

ఆవిడది కేవలం తోడు మాత్రమే అనుకుంటే పొరపాటే. దక్షిణాసియా మానవ శాస్త్రం మీద ఎక్కడెక్కడ ఎవరెవరు ఏమేం రాశారో వెతికి, వరసపెట్టి, మూడు సంపుటాల గ్రంథసూచి తయారుచేశారు బెట్టి. అవి 1958, 1964, 1970లలో అచ్చయ్యాయి. 1940 నుంచి 1964 దాకా వచ్చిన రచనల జాబితా అది. కంప్యూటర్లు లేని రోజుల్లో ఒక్కో పుస్తకం, ఒక్కో వ్యాసం చూసి, ఒక్కో కార్డు రాసి పేర్చడమంటే బియ్యంలో రాళ్ళు ఏరినంత ఓపిక కావాలి. ఆ పని మీద ఆధారపడి పరిశోధన చేసినవాళ్ళు పేరు తెచ్చుకుంటారు. జాబితా రాసినవాళ్ళను ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఆయన పుస్తకాల్లో చాలావాటి అట్ట మీద ఆయన పేరే. 1979లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ గోండుల పుస్తకంలో మాత్రం ఎలిజబెత్ సహకారంతో అని వేశారు. సహకారం! మన ఇళ్ళల్లో కూడా అంతే కదా. ఇద్దరూ కలిసి కట్టిన ఇంటికి పేరు ఒకరిది, సహకారం ఇంకొకరిది.

మళ్ళీ అదే ఊరికి

1976లో ఆయన ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. ఆ వయసులో మనమైతే మనవలు, మందులు, తీర్థయాత్రలు అనుకుంటాం. వాళ్ళు మళ్ళీ పాత దారులే పట్టారు. యవ్వనంలో చూసిన ఊళ్ళకే మళ్ళీ వెళ్ళి, ఈ ముప్పై నలభై ఏళ్ళలో ఏం మారిందో రాయాలని బయల్దేరారు. ఆపాతానీల మీద 1980లో, భారత గిరిజనుల బతుకు పోరాటం మీద 1982లో, షెర్పాల మీద 1984లో పుస్తకాలు వచ్చాయి.

ఆ చివరి దశ పని సంతోషంగా సాగిందని నేను అనుకోను. తమ కళ్ళ ముందు పట్టాలు అందుకున్న కుటుంబాలు మళ్ళీ భూమి పోగొట్టుకున్నాయి. అడవి పలచబడింది. బయటి నుంచి వచ్చినవాళ్ళ చేతికి పొలాలు వెళ్ళిపోయాయి. గిరిజనుల భూములు గిరిజనేతరులు కొనకూడదని 1/70 చట్టం 1970 నుంచే ఉంది. కాగితం మీద చట్టం ఉన్నా పొలం గట్టు మీద దాన్ని అమలు చేసే నాథుడు కావాలి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. జోడేఘాట్ తర్వాత నలభై ఏళ్ళకు మళ్ళీ అదే గోస.

తవ్వకం పనిలో పాత గోతిని మళ్ళీ తెరిస్తే వస్తువులు పెట్టినచోటే ఉంటాయి. మనుషుల విషయం అలా కాదు. నలభై ఏళ్ళ తర్వాత వెళ్ళేసరికి చేతిలో పెరిగిన పిల్లలు ముసలివాళ్ళయి, తమ పొలం ఎలా పోయిందో చెప్పుకుని కళ్ళొత్తుకుంటారు. అది విని రాసుకోవడానికి చదువుతో పాటు గుండె నిబ్బరం కూడా కావాలి. లండన్‌లో హాయిగా కూర్చోగల వయసులో బెట్టి ఆ కష్టానికి ఎదురు వెళ్ళారు. నాకు ఆవిడలో అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఇదే.

ఆఖరి మజిలీ

1987 జనవరి 11న బెట్టి హైదరాబాదులో కన్నుమూశారు. పుట్టిన దేశానికి కాకుండా ఆవిడను మార్లవాయికే తీసుకువెళ్ళారు. గోండుల మధ్య, తాము కాపురమున్న ఊళ్ళో ఆవిడ సమాధి వెలసింది. పరాయి దేశం నుంచి పని మీద వచ్చినవాళ్ళు పని ముగిశాక పెట్టె సర్దుకుని వెళ్ళిపోతారు. బెట్టి మాత్రం అలా వెళ్ళలేదు.

హైమన్‌డార్ఫ్ తన జీవిత కథను 1990లో వెలువరించారు. 1995 జూన్ 11న లండన్‌లో చనిపోయారు. 2012లో కొడుకు నికోలస్ ఆయన అస్థికలు మార్లవాయికి తెచ్చాక, బెట్టి పక్కనే ఆయనకూ సమాధి కట్టారు. చూడండి విచిత్రం! బతికినన్నాళ్ళూ నాగా కొండల తర్వాత ప్రతి దారిలోనూ ఆయన వెంట ఆవిడ నడిచారు. ఆఖరి దారిలో మాత్రం ఆవిడ ముందు వెళ్ళి చోటు చూసిపెడితే, పాతికేళ్ళకు ఆయన వెతుక్కుంటూ వచ్చి పక్కన చేరారు.

కేస్లాపూర్ జాతరలో మెస్రం వంశం వాళ్ళకు ఒక ఆచారం ఉంది. ఆ ఇళ్ళకు వచ్చిన కొత్త కోడళ్ళను నాగోబా దేవుడికి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. ఆ తర్వాతే కోడలు ఆ వంశంలో మనిషైనట్టు లెక్క. లండన్ నుంచి వచ్చిన బెట్టికి ఏ దేవుడి ముందూ అలాంటి పరిచయం జరగలేదు. ఊరి మట్టిలో చోటిచ్చి మార్లవాయి ఆవిడను తన మనిషిగా చేసుకుంది. అంతకంటే పెద్ద భేటింగ్ ఇంకేముంటుంది?

మార్లవాయి వాళ్ళు ఏటా ఆ దంపతులిద్దరి వర్ధంతి ఒకే రోజు జరుపుకుంటారు. చుట్టుపక్కల గూడేల జనం వస్తారు, అధికారులు వస్తారు, సమాధుల మీద పూలు పెడతారు. ఆ రోజు జూన్ 11 కాదు, జనవరి 11. పుస్తకాల అట్టల మీద పెద్దగా ఉన్నది ఆయన పేరు. ఊరు గుర్తుపెట్టుకున్నది మాత్రం ఆవిడ రోజు.