భీమవరం సుబ్బారావు గారి మందు

తాడేపల్లిగూడెంలో బస్సెక్కితే గంటలో భీమవరం. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టిన ఊరు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు (బ్యాక్‌లాగ్స్ ఉన్న మిత్రులు గమనించగలరు). అన్నదమ్ములిద్దరు స్ప్రూ జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. చివరికి ఎంబీబీఎస్ ఇవ్వకుండా ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారు.

తర్వాత హార్వర్డ్. 1940లో లెడర్లే కంపెనీ. ఫోలిక్ యాసిడ్, బోదకాలు మందు హెట్రజాన్ ఆయన నడిపిన ల్యాబ్‌వే. అక్కడే బెంజమిన్ డగ్గర్ మిస్సోరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్లలో మొదటిది. 1948లో అది బయటికొచ్చింది. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్లకే, సుబ్బారావు గారు వెళ్లిపోయారు.

కాబట్టి 1952 నాటి సంగతి ఆయనకి తెలీదు. ఒక బాక్టీరియా జీన్లని వైరస్ మరో బాక్టీరియాకి మోసుకెళ్తుందని జిండర్, లెడర్‌బర్గ్ ఆ ఏడు చూపించారు. ఈ వైరస్‌లే ఫేజ్‌లు. బాక్టీరియాలో దూరి తన కాపీలు చేసుకునేటప్పుడు, ఫేజ్ ఒక్కోసారి పొరపాటున దాని డీఎన్ఏ ముక్కని ప్యాక్ చేసేస్తుంది. అందులో టెట్రాసైక్లిన్‌ని బయటికి తోడేసే పంపు జీన్ ఉందనుకోండి, అందుకున్న బాక్టీరియా మీద మందు పనిచేయదు. కంఠసర్పి (అదే, డిఫ్తీరియా) విషం జీన్ కూడా ఫేజ్ మోసేదే.

మన ఆక్వా రైతులకి తెలిసిన ఆక్సీటెట్రాసైక్లిన్‌ది ఆరియోమైసిన్ కుటుంబమే. ఏలూరు నుంచి కైకలూరు వెళ్తూ కొల్లేరు చేపల చెరువులు చూసే ఉంటారు. మేతలో కలిపిన మందంతా చేప ఒంటికి పట్టదు. మిగిలింది నీళ్లలోకి, అడుగు బురదలోకి పోతుంది. ఆ బురదలో ఫేజ్‌లకి కొదవ లేదు.