కలప వర్తకుడు కట్టిన విమానము

ఆకాశమున సాగిపోవు విమానమును చూచి, దాని పుట్టుక అడవిలో నున్నదని తలచువారు అరుదు. నేటి విమానములు లోహములతోను, కృత్రిమ పదార్థములతోను నిర్మింపబడుచున్నవి. కాని ప్రపంచమున మిక్కిలి పేరుగన్న విమాన నిర్మాణ సంస్థలలో ఒకటియగు బోయింగ్ కంపెనీ కలప వర్తకమునుండి పుట్టినది. దాని తొలి విమానము చెక్కతో చేయబడినది. దానిని కట్టినవారిలో పలువురు పడవలు చేయు వడ్రంగులు. దానికి పెట్టిన సొమ్ము దుంగలమ్మగా వచ్చిన సొమ్ము. ఈ వింతకు కారకుడైన విలియం ఎడ్వర్డ్ బోయింగ్ జీవితమున మనము అనుసరింపదగినదియు కలదు, విడిచిపెట్టదగినదియు కలదు. కావున ఆ రెంటిని దాపఱికము లేక చెప్పుట మేలు.

విలియం తండ్రి విల్‌హెల్మ్ జర్మనీ దేశములోని హోహెన్‌లింబుర్గ్ అను ఊరివాడు. 1868వ సంవత్సరమున అమెరికాకు వలసపోయి డెట్రాయిట్ నగరము చేరెను. మొదట కూలిపని చేసెను. పిమ్మట ఒక కలప వర్తకుని వద్ద కుదిరి, ఆ వ్యాపారపు మర్మములు గ్రహించి, అతని కుమార్తెనే వివాహమాడెను. అడవి భూములను కొనుచు క్రమముగా ధనవంతుడాయెను. మిన్నెసోటా ప్రాంతమున ఆయన సంపాదించిన నేలలలో పైన చెట్లును, క్రింద ఇనుప ఖనిజమును ఉండెను. ఆ దంపతులకు 1881వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన విలియం జన్మించెను. బాలునకు ఎనిమిదేండ్ల ప్రాయముండగా, 1890లో, తండ్రి ఇన్‌ఫ్లుయెంజా జ్వరముచే మరణించెను. కొంతకాలమునకు తల్లి మఱల పెండ్లియాడెను. బాలుడు చదువు నిమిత్తము దూరదేశమైన స్విట్జర్లాండుకు పంపబడెను. కలిమి యున్నను తండ్రి నీడ లేని బాల్యమది.

స్వదేశమునకు తిరిగివచ్చిన విలియం యేల్ విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట ఇంజనీరింగు చదువుచు, 1903లో పట్టా పుచ్చుకొనకయే కళాశాల విడిచి, పసిఫిక్ మహాసముద్రపు తీరమునకు ప్రయాణమాయెను. వాషింగ్టన్ రాష్ట్రమున గ్రేస్ హార్బర్ రేవు ప్రక్కన హోక్వియమ్ అను చిన్న పట్టణము కలదు. అచ్చట వానలు మెండు, అడవులు దట్టము. తండ్రి యిచ్చిన ఆస్తిని ఆధారము చేసికొని అడవులు కొనుట, చెట్లు కొట్టించుట, దుంగలమ్ముట అను పనులలో ఆయన దిగెను. తండ్రి వృత్తియే కుమారుని వృత్తి యాయెను.

ఆ తీరమున దేవదారు జాతి వృక్షములు ఎన్నియో కలవు. వానిలో సిట్కా స్ప్రూస్ అను చెట్టు ఈ కథకు ముఖ్యము. బాగుగా ఎదిగినచో అది 200 అడుగులకు మించి పెరుగును. దాని చెక్క మిక్కిలి తేలిక. ఐనను బరువుతో పోల్చి చూచినచో బలము మెండు. పీచు తిన్నగా సాగును, ముడులు తక్కువ. పొడవైన బద్దలుగా కోసినను వంకరపోదు. పడవలకు తెరకొయ్యలు, సంగీత వాద్యములకు పలకలు చేయుటకు అది శ్రేష్ఠము. అదే చెక్క గాలిలోనికి ఎగురునని ఆ రోజులలో హోక్వియమ్ పట్టణమున ఎవరును ఊహించి యుండరు.

1908లో బోయింగ్ తన నివాసమును సియాటిల్ నగరమునకు మార్చెను. ఆయనకు పడవలన్న మక్కువ. 1910లో డువామిష్ నది ఒడ్డున నున్న ఒక పడవల కర్మాగారమును కొని, అందు తన విహారనౌకను పూర్తి చేయించెను. కలపకోయు రంపములు, చిత్రిక పట్టు పనివారు, చెక్కను ఆవిరిపట్టి వంచు నేర్పు—ఇవన్నియు ఒకచోట ఆయన చేతికి వచ్చెను. ఆ సంవత్సరమే జనవరి నెలలో లాస్ ఏంజిలిస్ నగరము చెంత జరిగిన విమాన ప్రదర్శనకు పోయి, ఆ క్రొత్త యంత్రములను కన్నులార చూచెను. ఒక్కసారి ఎక్కించుకొమ్మని వైమానికులను అడిగెను గాని ఆ కోరిక తీరలేదు. నిరాశతో మరలెనేగాని ఆ ఆశను మనస్సునుండి తొలగించుకొనలేదు.

సియాటిల్‌లో జార్జి కాన్రాడ్ వెస్టర్‌వెల్ట్ అను నౌకాదళపు ఇంజనీరు ఆయనకు మిత్రుడాయెను. కొంతకాలమునకు టెరా మెరొనీ అను వైమానికుడొకడు ఆ నగరమునకు రాగా, మిత్రులిద్దఱును ఒకరి తరువాత ఒకరు అతని నీటివిమానముపై కూర్చుండి విహరించిరి. చుట్టును గోడలేని ఆ యంత్రమున ప్రయాణికుడు రెక్క అంచున కూర్చుండి పట్టుకొనవలసినదే. దిగివచ్చిన పిమ్మట దాని కట్టుబడిని పరీక్షించి, ఇంతకంటె మేలైనదానిని తాము కట్టగలమని వారు నిశ్చయించిరి. ఒకడు చెక్క నెఱిగినవాడు, రెండవవాడు లెక్క నెఱిగినవాడు. 1915లో బోయింగ్ లాస్ ఏంజిలిస్‌కు పోయి, గ్లెన్ మార్టిన్ అనునాయన పాఠశాలలో విమానము నడుపుట నేర్చుకొని, ఆయన వద్దనే ఒక విమానమును కొనెను. అది కొలదికాలములోనే దెబ్బతినెను. విడిభాగములు వచ్చుటకు నెలలు పట్టునని తెలిసెను. అంతట సొంతముగా కట్టుటకే బోయింగ్ పూనుకొనెను.

సియాటిల్ నగరములోని లేక్ యూనియన్ సరస్సు ఒడ్డున ఒక కొట్టము వేసిరి. డువామిష్ నది ఒడ్డునున్న పడవల వడ్రంగులు నీటిపై తేలు తొట్లను, ఇతర చెక్క భాగములను సిద్ధము చేసిరి. స్ప్రూస్ చెక్కతో ఎముకలగూడు వంటి చట్రమును చేసి, దానిపై నారబట్టను బిగించి, తీగెలతో కట్టిరి. మిత్రులిద్దఱి పేర్ల మొదటి అక్షరములతో దానికి బి అండ్ డబ్ల్యూ అని పేరిడిరి. రెక్కల నిడివి 52 అడుగులు. పని ముగియక మునుపే వెస్టర్‌వెల్ట్ నౌకాదళపు ఆజ్ఞపై వేఱొకచోటికి బదిలీ యాయెను. 1916వ సంవత్సరము జూన్ 15వ తేదీన విమానము సిద్ధముగా నుండగా, నడుపవలసిన వైమానికుడు వేళకు రాలేదు. బోయింగ్ తానే ఎక్కి, సరస్సుపై దానిని లేపి, క్షేమముగా దించెను. ఒక నెల గడచిన పిమ్మట, జూలై 15వ తేదీన, 1,00,000 డాలర్ల మూలధనముతో పసిఫిక్ ఏరో ప్రొడక్ట్స్ అను కంపెనీని స్థాపించెను. మరుసటి యేట దానికి బోయింగ్ ఎయిర్‌ప్లేన్ కంపెనీ అని పేరు మార్చెను.

ఆ కంపెనీకి తొలి విమాన ఇంజనీరుగా పనిచేసినవాడు వాంగ్ జూ అను చైనా దేశీయుడు. ఈయన పెకింగ్ నగరమున పుట్టి, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున చదివినవాడు. ఈయన రూపకల్పన చేసిన సి రకపు విమానములను 1917లో అమెరికా నౌకాదళము శిక్షణకై 50 కొనెను. అదియే కంపెనీకి దొరికిన మొదటి గొప్ప బేరము. రెక్కలపై బట్టను కుట్టుటకు కుట్టుపని నేర్చిన స్త్రీలను నియమించిరి. విద్యయొక్క విలువ బోయింగ్ ఎఱుగును. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున విమానశాస్త్రము బోధింపవలెనను నియమముతో, గాలి ఒత్తిడిని పరీక్షించు సొరంగమునకు ఆయన విరాళమిచ్చెను. ఆ యుద్ధకాలముననే విమానములకు స్ప్రూస్ చెక్క కావలసి, అమెరికా ప్రభుత్వము వేలకొలది సైనికులను ఆ తీరపు అడవులకు పంపి దుంగలు కొట్టించెను. సైనికుల చేతికి తుపాకికి మారుగా గొడ్డలి వచ్చెను.

1918 నవంబరులో యుద్ధము ముగిసెను. లోకమునకు శాంతి కలిగెను గాని కంపెనీకి కష్టము వచ్చెను. ప్రభుత్వమునకు క్రొత్త విమానములతో పనిలేదు. మిగిలిన పాత విమానములు అంగడిలో చౌకగా అమ్ముడుపోవుచుండెను. తలుపులు మూసికొని కలప వర్తకమునకు మరలిన, బోయింగ్‌కు లోటేమియు లేదు. కాని పనివారి గతి యేమి? రెండేండ్లలో కూడగట్టిన చేతి నేర్పు ఒకసారి చెదరినచో మఱల దొరకదు. కావున ఆ కర్మాగారముననే పడకగది సామగ్రి, అద్దపు బల్లలు, దుకాణములకు అరలు, చిన్న మోటారు పడవలు చేయించి అమ్మించెను. వచ్చిన రాబడి జీతములకు చాలనప్పుడు తన సొంత సొమ్ము పెట్టెను. విమానపు రెక్కలు చేసిన చేతులు బల్లలు చేసెను, కాని ఆ చేతులు చెదరిపోలేదు.

ఆ కష్టదినములలోనే, 1919వ సంవత్సరము మార్చి 3వ తేదీన, ఆయనయు ఎడ్డీ హబ్బర్డ్ అను వైమానికుడును కెనడాలోని వాంకూవరు నుండి సియాటిల్‌కు 60 ఉత్తరములను విమానములో తెచ్చిరి. పరదేశమునుండి అమెరికాకు విమానముపై వచ్చిన మొదటి టపా అది. 1921లో సైన్యమునకు 200 యుద్ధవిమానములు కట్టు పని లభింపగా కంపెనీ నిలద్రొక్కుకొనెను. 1927లో షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరముల నడుమ టపా మోయు గుత్త దొరకెను. ఉత్తరములతో పాటు ఇద్దఱు ప్రయాణికులు కూడ కూర్చుండుటకు ఆ విమానములలో చోటుండెను. 1930లో, విమానములలో ప్రయాణికుల సేవకై దాదులను నియమించిన మొదటి సంస్థ ఇదియే. 1934లో ప్రభుత్వము క్రొత్త చట్టము తెచ్చి, విమానములు కట్టువారును టపా మోయువారును ఒక్కటిగా నుండరాదని శాసించెను. బోయింగ్ పెంచిన పెద్దసంస్థ మూడు ముక్కలాయెను. మనసు నొచ్చి ఆయన తన వాటాలమ్మి తప్పుకొనెను. ఆ సంవత్సరమే గుగ్గెన్‌హైమ్ పతకము ఆయనకు లభించెను.

ఇక దోషము. అటుపిమ్మట బోయింగ్ దంపతులు సియాటిల్‌కు ఉత్తరమున నున్న తమ భూములను ఇండ్ల స్థలములుగా విభజించి అమ్మిరి. ఆ దస్తావేజులలో, తెల్లజాతివారు తప్ప ఇతరులు ఆ ఇండ్లను కొనరాదు, సేవకులుగా తప్ప అచ్చట కాపురముండరాదు అని షరతు వ్రాయించిరి. ఆ రోజులలో అట్టి షరతులు అచ్చట వాడుకయే. ఐనను వాడుక యగుట వలన అన్యాయము న్యాయము కాదు. కంపెనీకి మొదటి బేరము తెచ్చిన విమానమును రూపొందించిన వాంగ్ జూ వంటివానికి ఆ వీధులలో ఇల్లు దొరకదు. మనుష్యుని విద్యను స్వీకరించి, మనుష్యుని దూరముంచుట మన గ్రామములు ఎఱుగని తప్పు కాదు. అట్టి షరతులను న్యాయస్థానములు అమలుపఱచరాదని 1948లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను.

1954లో కంపెనీ తన తొలి జెట్ ప్రయాణిక విమానపు నమూనాను బయటికి తెచ్చినప్పుడు వృద్ధుడైన బోయింగ్ ఆ వేడుకకు వచ్చెను. ఆయన భార్య బెర్తా దానికి నామకరణము చేసెను. 1956వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన, 75 ఏండ్లు నిండుటకు మూడు దినములు తక్కువగా, తన విహారనౌకపైననే ఆయన కన్నుమూసెను. డువామిష్ ఒడ్డునున్న చెక్క కర్మాగారమునకు ఎఱ్ఱకొట్టమని పేరు. దానిని చెడకుండ తరలించి, సియాటిల్‌లోని విమాన ప్రదర్శనశాలలో భద్రపఱచిరి. మన తెలుగునేలతోను ఈ కంపెనీకి సంబంధము కలిగినది. హైదరాబాదు చెంత ఆదిబట్లలో టాటా, బోయింగ్ సంస్థలు కలిసి నెలకొల్పిన కర్మాగారము 2018లో ప్రారంభమై, అపాచీ హెలికాప్టర్ల దేహములను తయారు చేయసాగెను.

చదువరులారా! క్రొత్త విద్య రాగానే పాత వృత్తి వ్యర్థమగునని భయపడువారు మనలో పెక్కురు. పాత వృత్తిని క్షుణ్ణముగా నెఱిగినవాడే క్రొత్త విద్యకు పునాది వేయగలడని ఈ చరిత్ర తెలుపుచున్నది. చెక్క గుణమెఱిగిన వర్తకుడు, చిత్రిక పట్టు వడ్రంగి, సూది పట్టు కుట్టుపనికత్తె, దూరదేశమునుండి వచ్చిన విద్యావంతుడు కలిసినప్పుడే ఆ విమానము లేచినది. వారిలో ఏ ఒక్కరినైనను వాకిటనే నిలిపియున్నచో అది ఒడ్డుననే యుండెడిది. మన ఊరి యువకులు గ్రంథాలయమున యంత్రశాస్త్ర గ్రంథములు చదువునపుడు తమ యింటి వృత్తిని చిన్నచూపు చూడకుందురు గాక. పెద్దలు గ్రంథాలయపు తలుపులను అందఱికిని తెఱచి యుంచెదరు గాక.