గ్రేస్ హాపర్

ఏడేళ్ల బాలిక ఒకతె అలారం గడియారాన్ని విప్పింది. అది ఎలా మోగుతుందో తెలుసుకోవాలని ఆమె కోరిక. విప్పిన గడియారాన్ని మళ్లీ బిగించడం చేతకాలేదు. ఇంకొక దానిని విప్పి చూసింది. అలా ఇంట్లోని ఏడు గడియారాలనూ విప్పేసింది. తల్లి ఒక్క గడియారాన్ని ఆమెకు వదిలి, మిగిలినవి ముట్టుకోవద్దన్నది. ఆ బాలికే తరువాత గ్రేస్ హాపర్‌గా ప్రసిద్ధి పొందింది.

గ్రేస్ 1906 డిసెంబరు 9న అమెరికాలోని న్యూయార్కు నగరంలో జన్మించింది. వాసర్ కళాశాలలో గణితం బోధిస్తూనే 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందింది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో నౌకాదళంలో చేరబోతే బరువు చాలదన్నారు. ఆమె పట్టు విడువక, ప్రత్యేక అనుమతి పొంది 1943లో చేరింది. మరుసటి ఏడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని మార్క్ 1 అనే గణనయంత్రం వద్ద ఆమెను నియమించారు. ఆ యంత్రం పొడవు 51 అడుగులు.

ఆనాటి కంప్యూటర్లకు కూడిక, తీసివేత వంటి కొద్ది పనులే తెలుసు. వర్గమూలం కనుక్కోవాలంటే ఆ చిన్న పనులనే వరుసగా పేర్చి ఆదేశాలు రాయాలి. గ్రేస్, ఆమె సహచరులు అటువంటి వరుసలను నోటుపుస్తకాల్లో దాచుకొని, ఒకరి నుండి ఒకరు ఎత్తి రాసుకునేవారు. ఒక్క అంకె తప్పినా లెక్కంతా తప్పేది.

మనుషులు పొరపడే ఈ పనిని యంత్రానికే ఎందుకు అప్పగించకూడదని గ్రేస్ ఆలోచించింది. 1949లో యూనివాక్ కంప్యూటరును తయారుచేస్తున్న సంస్థలో చేరింది. ఆదేశాల వరుసలను అయస్కాంత టేపుపై ఎక్కించి, ఒక్కొక్కదానికి ఒక సంఖ్య ఇచ్చింది. ఆ సంఖ్య రాస్తే చాలు, కంప్యూటరే ఆ వరుసను వెదకి ప్రోగ్రాములో చేర్చేది. కొత్త లెక్క అవసరమైతే దాని వరుసను ఒక్కసారి రాసి టేపులో చేర్చవచ్చు. అప్పటినుండి అదీ యంత్రానికి తెలిసిన పనే అవుతుంది. 1952 నాటి ఈ కంపైలర్ పేరు ఏ-0.

కంప్యూటరు లెక్కలు చేయగలదే గాని ప్రోగ్రాములు కూర్చలేదని చాలామంది దీనిని నమ్మలేదు. గ్రేస్ నిరుత్సాహపడలేదు. ఇంగ్లీషు మాటలతో ఆదేశాలివ్వగల ఫ్లో-మాటిక్ భాషను తన బృందంతో రూపొందించింది. 1959లో ఆరంభమైన కోబాల్ భాషకు అదే ముఖ్యాధారమైంది.

1986లో, 79 ఏళ్ల వయస్సులో, రియర్ అడ్మిరల్ హోదాలో ఆమె పదవీవిరమణ చేసింది. 1992 జనవరి 1న కన్నుమూసింది.

నేడు ప్రోగ్రాములు రాసేవారు తమకు కావలసిన గణితప్రక్రియను తామే నిర్వచించి, దానికి పేరుపెట్టి వాడుకుంటున్నారు. ఈ దారిలో తొలి అడుగులు వేసినవారిలో గ్రేస్ హాపర్ ఒకరు. తెలియని దానిని విప్పి చూడాలన్న కుతూహలం, పదిమంది కాదన్నా చేసి చూపే పట్టుదల ఆమె నుండి మనం నేర్చుకోదగినవి.