మూడవ సాలార్‌జంగ్

మీర్ యూసఫ్ అలీఖాన్ (జూన్ 13, 1889 - మార్చి 2, 1949) హైదరాబాదు సంస్థానంలో దివానుగా పనిచేసిన ప్రభువు, ప్రసిద్ధ కళాఖండాల సేకర్త. ఇతడు మూడవ సాలార్‌జంగ్‌గా సుపరిచితుడు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్న వస్తుసంపదలో అధికభాగం ఇతడు సేకరించినదే. ఒక కుటుంబపు సొత్తు ప్రజల సొత్తుగా ఎలా మారిందో తెలుసుకోవడానికి ఇతని జీవితం, మరణానంతరం ఇతని సేకరణకు పట్టిన గతి చక్కని ఉదాహరణలు.

వంశం, బాల్యం

ఇతని తాత మీర్ తురాబ్ అలీఖాన్ (మొదటి సాలార్‌జంగ్) 1853 నుండి 1883లో మరణించే వరకు హైదరాబాదు సంస్థానానికి దివానుగా ఉండి రెవెన్యూ, విద్య, పరిపాలనా రంగాలలో అనేక సంస్కరణలు ప్రవేశపెట్టాడు. తండ్రి మీర్ లాయఖ్ అలీఖాన్ (రెండవ సాలార్‌జంగ్) కూడా దివాను పదవిని నిర్వహించాడు. యూసఫ్ అలీఖాన్ పూణేలో జన్మించాడు. ఇతడు నెల కూడా నిండని పసికందుగా ఉండగానే తండ్రి మరణించాడు. దానితో విస్తారమైన జాగీరుకు, తాతతండ్రులు కూడబెట్టిన కళావస్తువులకు ఇతడు శైశవంలోనే వారసుడయ్యాడు.

దివాను పదవి

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో సింహాసనాన్ని అధిష్ఠించాడు. మరుసటి సంవత్సరం, అనగా 1912లో, యూసఫ్ అలీఖాన్‌ను దివానుగా నియమించాడు. అప్పటికి ఇతని వయస్సు 23 సంవత్సరాలు మాత్రమే. తాత మూడు దశాబ్దాల పాటు నిర్వహించిన పదవిలో ఇతడు రెండేళ్ళకు పైగా మాత్రమే కొనసాగి, 1914లో రాజీనామా చేశాడు. ఆ తరువాత జీవితమంతా కళావస్తువుల సేకరణకే వినియోగించాడు.

సేకరణ

మ్యూజియంలోని వస్తువులన్నీ ఒకే వ్యక్తి సేకరించినవని సాధారణంగా చెప్పుకుంటారు కాని, ఈ సేకరణ మూడు తరాలది. సందర్శకులను విశేషంగా ఆకర్షించే మేలిముసుగు రెబెక్కా పాలరాతి శిల్పాన్ని ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కాడు. దానిని 1876లో రోము నగరంలో కొన్నది మొదటి సాలార్‌జంగ్. అయితే సేకరణను అపారంగా విస్తరింపజేసినవాడు యూసఫ్ అలీఖాన్. పర్షియన్, అరబిక్, ఉర్దూ వ్రాతప్రతులు, సూక్ష్మచిత్రాలు, ఆయుధాలు, జేడ్ రాతి వస్తువులు, దంతపు పనితనం, చైనా, జపాను పింగాణీ, ఐరోపా చిత్రాలు, గడియారాలు ఇందులో చేరాయి. కవులను, రచయితలను, కళాకారులను కూడా ఇతడు ఆదరించాడు.

ఈ వస్తువులు ఇతని నివాసమైన దివాన్ దేవిడీలో ఉండేవి. ఆ రోజులలో వాటిని చూడగలిగినవారు యజమాని బంధుమిత్రులు, అతిథులు, ఇంటి సేవకులు మాత్రమే. వాటి కొనుగోలుకు మూలాధారమైన శిస్తును చెల్లించిన జాగీరు రైతులకు వాటిని చూసే అవకాశం లేదు.

మరణం, వారసత్వ సమస్య

అవివాహితుడైన యూసఫ్ అలీఖాన్ 1949 మార్చి 2న మరణించాడు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో విలీనమై అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. అదే సంవత్సరం ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. అటు సేకరణకు ఆధారమైన ఆదాయం పోయింది, ఇటు ప్రత్యక్ష సంతానం లేదు. వస్తువులు పలువురు వారసుల మధ్య చెల్లాచెదరయ్యే ప్రమాదం ఏర్పడింది. ప్రభుత్వం ఒక ఎస్టేటు కమిటీని నియమించి వాటిని కాపాడింది. కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ వాటిని ప్రదర్శనకు అనువుగా అమర్చే బాధ్యత వహించాడు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించాడు. ప్రభువు ఇల్లు ఆనాటి నుండి సామాన్య ప్రజలకు ప్రవేశమున్న స్థలమైంది.

జాతి సంపదగా

వారసులతో 1958లో హైకోర్టు ద్వారా రాజీ కుదిరి, మ్యూజియం కేంద్రప్రభుత్వం అధీనంలోకి వచ్చింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. నిర్వహణను గవర్నరు అధ్యక్షుడుగా గల ధర్మకర్తల మండలికి అప్పగించింది. 1968లో మ్యూజియం మూసీ నది దక్షిణపు ఒడ్డున నిర్మించిన కొత్త భవనానికి తరలింది. తరువాతి కాలంలో తూర్పు, పశ్చిమ భవనాలు నిర్మించి, వాటికి యూసఫ్ అలీఖాన్ తండ్రి, తాతల పేర్లు పెట్టారు. పాత దివాన్ దేవిడీ ప్రాంతం వస్త్రవ్యాపార కేంద్రంగా మారింది.

ప్రాముఖ్యత

మ్యూజియంలోని సంగీత గడియారంలో గంట గంటకు ఒక చిన్న బొమ్మ బయటకు వచ్చి గంట కొడుతుంది. దానిని చూడటానికి విహారయాత్రకు వచ్చిన పాఠశాల విద్యార్థులు, పల్లెల నుండి వచ్చిన కుటుంబాలు, నగరవాసులు ఒకేచోట గుమికూడతారు. ఒకప్పుడు ఇటువంటి వస్తువు యజమాని హోదాకు చిహ్నం. ఇప్పుడది తరగతి గదిలో దొరకని పాఠం. వ్రాతప్రతులు పరిశోధకులకు, బాలల విభాగం పిల్లలకు ఉపకరిస్తున్నాయి. రెండేళ్ళ దివానుగిరీ కంటే ఈ సేకరణ వల్లనే మూడవ సాలార్‌జంగ్ పేరు ప్రజల నోట నిలిచింది.