జెండా వెంకయ్య

ఈ ఆగస్టులో ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. మన జాతీయ జెండాను రూపొందించింది ఎవరని మీ పిల్లల్ని అడగండి. మూడో తరగతి పిల్లాడైనా తడుముకోకుండా పింగళి వెంకయ్య అంటాడు. జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో ఒక మార్కు ప్రశ్న అది. వెంటనే రెండో ప్రశ్న వేయండి. ఆయన ఏం చదివారు, ఏం ఉద్యోగం చేశారు, జెండా ఒక్కటే గీశారా, ఆ తర్వాత ఏమయ్యారు? అక్కడ పిల్లలే కాదు, మనలో చాలామందిమి ఆగిపోతాం. ఆ రెండో ప్రశ్నకు జవాబు మీకు తెలిస్తే, పంద్రాగస్టు ఉదయం యూనిఫాం ఇస్త్రీ చేస్తూ పిల్లలకు చెప్పడానికి ఒక మంచి కథ దొరుకుతుంది.

వెంకయ్యగారు 1876 ఆగస్టు 2న కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టారు. తండ్రి హనుమంతరాయుడు, తల్లి వెంకటరత్నమ్మ. హైస్కూలు చదువు బందరులో సాగింది. (బందరు, మచిలీపట్నం ఒకటేనని హైదరాబాద్‌లో పెరిగిన పిల్లలకు ఒకసారి చెప్పండి. చాలామందికి తెలియదు.) చదువు అయ్యాక ఆ కుర్రాడు చేరింది బ్రిటిష్ సైన్యంలో. దక్షిణాఫ్రికాలో 1899లో మొదలైన బోయర్ యుద్ధానికి వెళ్లారు. గాంధీజీతో పరిచయం అక్కడే కలిగిందంటారు.

సైనికుడన్నాక యూనియన్ జాక్‌కు సెల్యూట్ కొట్టాల్సిందే. ఇంగ్లిషు సోల్జర్ కళ్లలో ఆ గుడ్డముక్క ఎంత గర్వాన్ని నింపుతుందో వెంకయ్యగారు పక్కన నిలబడి చూశారు. మనకంటూ అలాంటిది ఒకటి లేదే అన్న ఆలోచన ఆయనకు అప్పుడే వచ్చిందని ఆయన జీవితకథ రాసినవాళ్లు చెబుతారు. అంటే జెండాను ఎలా గౌరవించాలో ఆయన నేర్చుకున్నది పరాయి జెండా ముందు నిలబడి. ఈ సంగతి నాకు చాలా ఆసక్తిగా అనిపిస్తుంది. ఇతరుల జెండాను అవమానించాలని కాకుండా, మనకూ ఒకటి ఉండాలన్న కోరికతో ఆయన ఆలోచన మొదలైంది.

స్వదేశానికి వచ్చాక ఆయన ఉద్యోగాల జాబితా చూస్తే ఈ కాలపు తల్లిదండ్రులకు కంగారు పుడుతుంది. కొన్నాళ్లు రైల్వే గార్డు. తర్వాత ప్లేగు నివారణ శాఖలో ఉద్యోగం. అది వదిలి లాహోరు వెళ్లి ఉర్దూ, జపనీస్ నేర్చుకున్నారు. తిరిగి వచ్చి మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు ఆశ్రయంలో వ్యవసాయ ప్రయోగాలు చేశారు. కంబోడియా రకం పత్తి మీద ఆయన చేసిన కృషి చూసి జనం పత్తి వెంకయ్య అన్నారు. బాపట్లలో జపనీస్ భాషలో ఉపన్యాసం ఇచ్చాక జపాన్ వెంకయ్య అయ్యారు. వజ్రాలు, ఖనిజాల మీద పరిశోధన చేసి వజ్రపు తల్లిరాయి అనే పుస్తకం రాసినందుకు డైమండ్ వెంకయ్య అన్న పేరూ వచ్చింది. పదో తరగతి రిజల్ట్ రాకముందే ఎంపీసీనా, బైపీసీనా అని తేల్చుకోవాల్సిన మన ఇళ్లలో ఇలాంటి పిల్లాడు ఉంటే ఏమయ్యేవాడో ఆలోచించండి. నిలకడ లేదని కచ్చితంగా కౌన్సెలింగ్‌కు పంపేవాళ్లం.

మునగాల సంస్థానం వారి కోట ఉన్న నడిగూడెం ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. జెండా నమూనాల మీద వెంకయ్యగారు అక్కడే పనిచేశారని ఆ ఊరివాళ్లు ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటారు. కాబట్టి వెంకయ్యగారు ఆంధ్రావారా, తెలంగాణవారా అని మీ పిల్లలు వాదించుకుంటే ఇద్దరికీ తలా కొంత పంచిపెట్టవచ్చు.

తర్వాత ఆయన బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు. ప్రభుత్వ బడులకు పోటీగా, మన చదువు మనమే చెప్పుకుందామని కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య వంటివారు పెట్టిన విద్యాలయం అది. అక్కడ పాఠాలు చెబుతూనే లోకంలోని దేశాల జెండాలన్నీ చదవడం మొదలుపెట్టారు. ఏ దేశం ఏ రంగు ఎందుకు పెట్టుకుంది, ఏ గుర్తు ఎందుకు ఎంచుకుంది అని. 1916లో ఆ పరిశీలన అంతా ఇంగ్లిషులో ఒక పుస్తకంగా అచ్చయింది. పేరు ఎ నేషనల్ ఫ్లాగ్ ఫర్ ఇండియా. ఇతర దేశాల జెండాల వివరాలతో పాటు మనకు పనికొచ్చే నమూనాలు కూడా అందులో ఇచ్చారు. ఒకటీ రెండూ కాదు, పాతిక ముప్పై దాకా.

ఇక్కడ కాస్త ఆగండి. పిల్లల పుస్తకాల్లో ఈ భాగం ఉండదు.

ఆ పుస్తకం పట్టుకుని వెంకయ్యగారు కాంగ్రెస్ మహాసభలు జరిగిన ప్రతిచోటికీ వెళ్లారు. 1917లో కలకత్తా, 1918లో ఢిల్లీ, 1919లో అమృత్‌సర్, 1920లో నాగపూర్. రోజుల తరబడి రైల్లో ప్రయాణం, అక్కడ వేలమంది జనం, పెద్ద నాయకులు, పెద్ద తీర్మానాలు. ఆ సందడిలో బందరు నుంచి వచ్చిన ఒక మాస్టారు, మనకు ఒక జెండా కావాలండీ అని కనిపించినవారికల్లా చెప్పుకున్నారు. నాలుగేళ్లు ఫలితం లేదు. ఆయన పట్టుదలను మెచ్చుకున్న గాంధీజీయే, ఆ నమూనాల్లో ఒక్కటీ తనను కదిలించలేదని, దేశాన్ని ఊపేసేది వాటిలో ఏమీ కనిపించలేదని తర్వాత తన పత్రికలో రాశారు. అంత పెద్దమనిషికి నచ్చలేదని తెలిశాక మనమైతే పుస్తకం అటక మీద పెట్టేసేవాళ్లం.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం బెజవాడలో జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని, ఇరవై లక్షల రాట్నాలు తిప్పాలని నిర్ణయించింది ఆ సమావేశంలోనే. జెండాలో రాట్నం ఉండాలన్న ఆలోచన అప్పటికే జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్ గాంధీజీకి చెప్పి ఉన్నారు. గాంధీజీ వెంకయ్యగారిని పిలిచి, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం వేసి ఒక నమూనా తయారు చేయమన్నారు. వెంకయ్యగారు మూడు గంటల్లో గీసి తెచ్చారు. మూడు గంటలన్నది చదివి మెరుపులాంటి ప్రతిభ అనుకుంటాం. ఆ మూడు గంటల వెనుక ఐదారేళ్ల చదువు ఉంది మరి.

ఇంత చేసినా నమూనా కాస్త ఆలస్యంగా చేరింది. సమావేశం ముందు పెట్టడానికి వీలు పడలేదు. ఆ ఆలస్యం మంచిదే అయింది. తీరిగ్గా ఆలోచించాక గాంధీజీకి ఒక లోటు కనిపించింది. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు అనుకుంటే మిగతా మతాలవాళ్లు ఏమైనట్టు? అలా తెలుపు వచ్చి చేరింది. పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, కింద ఎరుపు, మూడింటి మీదా పరుచుకున్న రాట్నం. జనం దాన్ని స్వరాజ్య జెండా అన్నారు. రెండేళ్ల తర్వాత, 1923లో, నాగపూర్‌లో ఆ జెండా పట్టుకుని ఊరేగింపుగా నడిచినందుకు వందలమంది జైలుకు వెళ్లారు. మనం ఈరోజు స్కూటర్ హ్యాండిల్‌కు కట్టుకుని తిరిగే జెండాకు తాతలాంటిది అది.

1931లో మళ్లీ మార్పు. రంగులకు మతాలను అంటగట్టడం మీద చాలా అభ్యంతరాలు రావడంతో కాంగ్రెస్ ఒక కమిటీ వేసింది. మన పట్టాభి సీతారామయ్య గారు అందులో ఉన్నారు. కమిటీ అయితే మొత్తం కాషాయ రంగు జెండా మీద రాట్నం చాలునని చెప్పింది. అది నెగ్గలేదు. చివరికి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, మధ్యలో నీలం రంగు రాట్నం ఖాయమయ్యాయి. ఈ రంగులకు మతాలతో సంబంధం లేదని ఆ తీర్మానంలోనే స్పష్టంగా రాశారు. కాషాయం ధైర్యానికి, త్యాగానికి. తెలుపు సత్యానికి, శాంతికి. మీ పాప చార్ట్ మీద ఒక్కో రంగు పక్కన ఒక్కో మతం పేరు రాసుకుంటే, ఆ లెక్క 1931లోనే పోయిందని చెప్పి దిద్దండి.

1947 జూలై 22న రాజ్యాంగ సభ ఇప్పటి జెండాను ఆమోదించింది. రాట్నం పోయి అశోకుడి ధర్మచక్రం వచ్చింది. దానికి నెహ్రూగారు సభలో చెప్పిన ఒక కారణం పిల్లలకు భలే నచ్చుతుంది. రాట్నానికి ఒకవైపు చక్రం, ఒకవైపు కదురు ఉంటాయి. జెండా అవతలి వైపు నుంచి చూస్తే బొమ్మ తిరగబడుతుంది. 24 ఆకుల చక్రానికి ఆ ఇబ్బంది లేదు, ఎటు నుంచి చూసినా ఒకటే. కాగితం మీద రాట్నం గీసి, కిటికీ అద్దానికి ఆనించి వెనక నుంచి చూడమనండి. అర్థమైపోతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వస్తే, ఆ ఒక మార్కు జవాబు తప్పు కాదు, కానీ పొట్టిది. నేటి జెండాలో లాలా హన్స్‌రాజ్ ఆలోచన ఉంది, గాంధీజీ తెలుపు ఉంది, 1931 కమిటీ చర్చ ఉంది, రాజ్యాంగ సభ చక్రం ఉంది. వెంకయ్యగారు గీసినదానిలో ఎరుపు పోయింది, రాట్నం పోయింది, వరసలు మారాయి. అయినా ఎవరూ అడగని రోజుల్లో ఒక జెండా కావాలని అడిగి, అందరూ ఒప్పుకునేదాకా అడుగుతూనే ఉన్నది ఆయన. నేను గీసింది మార్చారేమిటని ఆయన పోట్లాడినట్టు ఎక్కడా కనబడదు. సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టులో మనవాడి పేరు రెండో వరుసలో వచ్చిందని టీచర్‌కు ఫోన్ చేసే మనకు ఈ గుణం అంత సులువుగా అంతుబట్టదు.

బెజవాడ తర్వాత ఆయన రాజకీయాల్లో పైకి ఎక్కలేదు. నెల్లూరు వెళ్లి చాలా ఏళ్లు అభ్రకం మీద పరిశోధన చేశారు. స్వాతంత్య్రం వచ్చాక ఖనిజాల శాఖలో సలహాదారు పని కొంతకాలం దొరికింది. అదీ పోయాక చివరి రోజులు విజయవాడ చిట్టినగర్‌లో, సైన్యంలో చేసినందుకు ఇచ్చిన స్థలంలో వేసుకున్న గుడిసెలో గడిచాయి. గమనించండి, ఆ చోటు ఇచ్చింది జెండాకు కాదు, బ్రిటిష్ సైన్యంలో కొలువుకు. ఇంట్లో జరుగుబాటు కష్టంగా ఉండేది. 1963 మొదట్లో ఊరి పెద్దలు కొందరు సన్మానం చేసి కొంత డబ్బు పోగుచేసి ఇచ్చారు. ఆ ఏడాది జూలై 4న, 86 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసేసరికి మరో 46 ఏళ్లు పట్టింది, అంటే 2009. ఇవి పిల్లలకు చెప్పాలా వద్దా అని మీకు అనిపించవచ్చు. చెప్పండి. ఏటా జెండాకు సెల్యూట్ కొట్టిన ఊరే ఆ జెండా గీసిన మనిషిని గుడిసెలో ఉంచిందని ఆరో తరగతి పిల్లలకు తెలియడంలో తప్పేమీ లేదు.

ఆయన చివరి కోరిక ఒకటి చెబుతారు. తన దేహం మీద మూడు రంగుల జెండా కప్పమని, శ్మశానానికి చేరాక మాత్రం దాన్ని తీసి అక్కడి రావిచెట్టుకు కట్టమని. జెండా చితిలో కాలకూడదన్నది ఆయన పట్టింపు. 2002 నుంచి అమల్లో ఉన్న ఫ్లాగ్ కోడ్ చదివితే అదే మాట కనిపిస్తుంది. ప్రభుత్వ లాంఛనాల అంత్యక్రియల్లో దేహంపై కప్పిన జెండాను సమాధిలోకి దించకూడదు, చితిపై కాల్చకూడదు.

అదే కోడ్‌లో మన ఇళ్లకు పనికొచ్చే సంగతులూ ఉన్నాయి. జెండా పొడవు, ఎత్తుల నిష్పత్తి 3:2. కాషాయం ఎప్పుడూ పైనే. నేలను, నీటిని తాకకూడదు. చిరిగినదాన్ని, వెలిసినదాన్ని ఎగరేయకూడదు. దాన్ని చెత్తబుట్టలో పడేయకుండా, నలుగురి కళ్లబడకుండా గౌరవంగా కాల్చేయడం పద్ధతి. పంద్రాగస్టున పిల్లలు చొక్కాకు పెట్టుకొచ్చే కాగితం జెండాలకూ ఇది వర్తిస్తుంది. ప్లాస్టిక్‌వి అసలు కొనకండి. 16వ తేదీ ఉదయం స్కూల్ బ్యాగు అడుగున, కారు సీటు కింద, అపార్ట్‌మెంట్ లిఫ్టు మూలన ఎన్ని దొరుకుతాయో పిల్లలతో కలిసి ఏరి లెక్కపెట్టండి.

విజయవాడ వెళ్లే పని పడితే బందరు రోడ్డులోని బాపు మ్యూజియం చూపించండి. పాతవాళ్లు దాన్ని విక్టోరియా జూబిలీ మ్యూజియం అనేవారు. వెంకయ్యగారు గాంధీజీ చేతికి ఆ నమూనా ఇచ్చింది అక్కడేనంటారు. అక్కడి నుంచి చిట్టినగర్ పెద్ద దూరం కాదు, అటు కూడా ఒకసారి తీసుకెళ్లండి.