రైతుబిడ్డకు తెరమీద చోటిచ్చిన గూడవల్లి రామబ్రహ్మం

తెలుగు సినిమాకు మాటలు వచ్చిన తొలి రోజుల్లో తెర నిండా దేవుళ్ళు, రాజులే కనిపించేవారు. అదే తెర మీదికి హరిజనవాడను, రైతు ఇంటిని తెచ్చి, పెద్దల ఆగ్రహానికి వెరవకుండా నిలబడినవారు శ్రీ గూడవల్లి రామబ్రహ్మం గారు.

వీరు 1902లో కృష్ణా జిల్లా నందమూరులో జన్మించారు. మద్రాసులో 'ప్రజామిత్ర' పత్రికకు సంపాదకులుగా పేరు పొందారు. పత్రిక చదువు వచ్చినవారికే అందుతుంది, సినిమా చదువు రానివారికి కూడా అందుతుంది. సంపాదకుడు చేసే పనినే ఆయన దర్శకుడిగా కొనసాగించారని చెప్పవచ్చు. చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ గారి అండతో సారథి ఫిలిమ్స్ సంస్థ ఏర్పడింది.

1938లో 'మాలపిల్ల' విడుదలయింది. కథ చలం గారిది, మాటలు తాపీ ధర్మారావు గారివి. గుడి ధర్మకర్త అయిన బ్రాహ్మణుని కుమారుడు హరిజన యువతిని ప్రేమించడం ఇందులోని ఇతివృత్తం. ఆ యువతిగా కాంచనమాల నటించారు. తిరువాన్కూరులో ఆలయ ప్రవేశ ప్రకటన వెలువడి అప్పటికి రెండేళ్ళే అయింది. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1939లో గాని రాలేదు. అంటే చట్టం కంటే ముందే సినిమా గుడి తలుపు తట్టింది. ఛాందసులు మండిపడ్డారు, జనం మాత్రం విరగబడి చూశారు.

మరుసటి ఏడు 'రైతుబిడ్డ' వచ్చింది. జమీందారీ పెత్తనం కింద నలిగిపోతూ ఎదురుతిరిగిన రైతు కథ ఇది. ఇందులో ప్రధాన పాత్ర నర్సిరెడ్డిగా నటించినవారు మన తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ గారు. న్యాయవాదిగా, రంగస్థల నటునిగా అప్పటికే దేశమెరిగిన మనిషి.

మన కదిరి ప్రాంతం వారికి ఈ కథ కొంత కొత్త. మన్రో దొర కాలం నుండి మనది రైత్వారీ సీమ. రైతు పేరు మీదే పట్టా, శిస్తు నేరుగా సర్కారుకే. మన సంఘంలో రెవిన్యూ శాఖలో పనిచేసిన మిత్రులకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. కోస్తా జమీందారీలలో అలా కాదు. రైతుకు, ప్రభుత్వానికి నడుమ జమీందారు, అతని ఠాణేదారు, అతని బంట్రోతులు. 1937 ఎన్నికల తర్వాత రాజాజీ ప్రభుత్వం ప్రకాశం పంతులు గారి అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం వేసింది. ఆ వేడిలోనే ఈ చిత్రం వచ్చింది.

జమీందారు సొమ్ముతో జమీందారీనే ఎండగట్టడం తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమని అనవచ్చు. అయితే ఇక్కడ వాసాలు చూపించినవాడు ఇంటి యజమానే! చల్లపల్లి వారి ఔదార్యాన్ని ఎంత మెచ్చుకున్నా, ఆ కథను పట్టుబట్టి తీసిన ధైర్యం రామబ్రహ్మం గారిదే. వెంకటగిరి, బొబ్బిలి జమీందార్లు భగ్గుమన్నారు, నోటీసులు పంపారు. కొన్నిచోట్ల ప్రదర్శన నిలిపివేయబడింది. ఏ రైతు కోసం తీశారో ఆ రైతుకే చిత్రం చాలాచోట్ల అందకుండా పోయింది.

ఆ తర్వాత 'ఇల్లాలు' (1940), 'పంతులమ్మ' (1943), 'మాయాలోకం' (1945) వంటి చిత్రాలు తీశారు. 'రైతుబిడ్డ'లోని సూటి పోరాటం మళ్ళీ ఆయన చేయలేదు. చివరగా 'పల్నాటి యుద్ధం' చేపట్టారు. అన్ని కులాలనూ ఒకే పంక్తిన కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడి కథ అది. 'మాలపిల్ల' తీసిన చేతికి తగిన కథే. కాని అది పూర్తికాకుండానే 1946 అక్టోబరు 1న కన్నుమూశారు. ఎల్.వి. ప్రసాద్ గారు పూర్తి చేయగా 1947లో విడుదలయింది.

రాఘవ గారు కూడా 1946 ఏప్రిల్‌లోనే పోయారు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు అంతరించాయి. తెరమీద రైతు పక్షాన నిలిచిన ఆ ఇద్దరూ ఆ రోజును చూడలేదు. ఫలితం కళ్ళ చూడకపోయినా చేయవలసిన పని చేసి వెళ్ళిన వారి వరుసలో రామబ్రహ్మం గారిది చెరగని స్థానం.